హకీం అబుల్ ఖాసిం జహ్రావీ: కత్తి పట్టిన చేతికి అదుపు నేర్పిన వైద్యుడు

హకీముల పేర్లు చెప్పమంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ముందుగా బూ అలీ సీనా పేరు చెప్తారు, ఆ తరువాత జకరియా రాజీ పేరు చెప్తారు. మూడో పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ మూడో పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ గారిది. యూరప్ వాళ్ళకు ఆ పేరు నోరు తిరగక ఆల్బుకాసిస్ అని పిలుచుకున్నారు. మందులిచ్చే వైద్యంలో బూ అలీ సీనాకు ఎంత పేరుందో, కోసి కుట్టే వైద్యంలో జహ్రావీకి అంత పేరు. అందులోనూ తల, చెవి, ముక్కు, నోరు, గొంతు, మెడ జబ్బుల గురించి ఆయన రాసినవి చదివితే, వెయ్యేళ్ళ కిందట ఒక మనిషి ఇంత నిబ్బరంగా, ఇంత భయభక్తులతో ఎలా పని చేశాడా అని ఆశ్చర్యం వేస్తుంది. నిబ్బరంతో పాటు భయం కూడా ఉండటమే ఆయన గొప్పతనమని నా ఉద్దేశం. అది ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆయన పుట్టింది స్పెయిన్ దేశంలో. ఆ రోజుల్లో ఆ దేశాన్ని మనవాళ్ళు అందులుస్ అనేవారు. రాజధాని కుర్తుబా నగరం. అక్కడ ఉమయ్యా వంశపు మూడవ అబ్దుర్రహ్మాన్ 929లో తానే ఖలీఫానని ప్రకటించుకుని, 936లో, అంటే హిజ్రీ 325లో, కుర్తుబాకు పడమరగా కొండ వాలులో మదీనతుజ్ జహ్రా అనే కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టాడు. పాలరాతి స్తంభాలు, తోటలు, నీటి కాలువలు, కొలువు మందిరాలు, అదొక వైభవం. ఆ పట్నం వాడు కాబట్టే మన హకీం గారికి జహ్రావీ అన్న పేరు వచ్చింది. ఆయన పుట్టుక కూడా ఇంచుమించు ఆ సంవత్సరాల్లోనే అని చరిత్రకారుల అంచనా. పేరు చివర అన్సారీ అన్న మాట కూడా ఉంది. దాన్ని బట్టి మదీనా అన్సారుల వంశంతో సంబంధం చెప్తారు.

ఇంతకు మించి ఆయన ఇల్లూ వాకిలీ, తల్లిదండ్రులు, పెళ్ళీ పిల్లల గురించి పాత గ్రంథాల్లో ఏమంత లేదు. రాజుల గురించి పుటలకు పుటలు రాసిన చరిత్రకారులు ఈ వైద్యుడికి నాలుగు వాక్యాలతో సరిపెట్టారు. అయితే అదే నగరంలో 994లో పుట్టిన మహా పండితుడు ఇబ్నె హజమ్, తాను ఆయన్ని కళ్ళారా చూశానని చెప్పి, వైద్యంలో ఆయన పుస్తకాన్ని మించి సంపూర్ణమైనది ఇంకొకటి లేదన్నా అబద్ధం కాదన్నట్టుగా రాశాడు. ఇబ్నె హజమ్ ఒకరిని ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆయన కలం ఎంత పదునైనదో అందులుస్ చరిత్ర తెలిసినవారికి తెలుసు.

ఆ పుస్తకం పేరు కితాబుత్ తస్రీఫ్. మొత్తం 30 భాగాలు. సుమారు 50 సంవత్సరాలు రోగుల మధ్య గడిపిన తరువాత, 1000వ సంవత్సరం ప్రాంతంలో ఆయన దాన్ని పూర్తి చేశారు. మొదటి 29 భాగాల్లో జబ్బులు, మందులు, పథ్యాలు, లేపనాలు ఉంటాయి. చిట్టచివరి 30వ భాగం అచ్చంగా శస్త్ర చికిత్స. అందులో వాత పెట్టడం ఒక వంతు, కోసి కుట్టడం ఒక వంతు, విరిగిన ఎముకలు కట్టడం ఒక వంతు. ఆ భాగంలో ఆయన సుమారు 200 పనిముట్ల బొమ్మలు వేసి చూపించారు. ఏ కొక్కెం ఎంత వంపు ఉండాలో, ఏ కత్తికి ఏ వైపు పదును ఉండాలో బొమ్మ గీసి చెప్పారన్న మాట. కంసాలికి చూపిస్తే చేసిచ్చేంత వివరంగా ఉంటుంది.

ఈ భాగాన్ని అన్నిటికంటే చివర ఎందుకు పెట్టారు? మిగతా వైద్యమంతా నేర్చుకున్నవాడే కత్తి ముట్టుకోవాలని ఆయన నమ్మకం. తన కాలానికి తన దేశంలో ఈ విద్య దాదాపు అడుగంటిపోయిందని ఆయన బాధపడ్డారు. కారణం కూడా ఆయనే చెప్పారు. శరీరం లోపల నరాలు, రక్తనాళాలు, కండరాలు, ఎముకలు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో చదువుకోకుండానే కొందరు కోతకు దిగుతున్నారు. తన శిష్యులను సొంత బిడ్డల్లాగా సంబోధిస్తూ, శరీర నిర్మాణం తెలియనివాడు మనుషుల ప్రాణాలు తీసే పొరపాటు చేయక మానడని హెచ్చరించారు. హెచ్చరించి ఊరుకోలేదు, తాను చూసినవి రాశారు.

వాటిలో మొదటిదే మెడకు సంబంధించినది. ఒక స్త్రీకి మెడలో గడ్డలు లేచాయి. మన పల్లెల్లో కంఠమాల అంటారే, ఆ జాతివి. చదువూ అనుభవమూ లేని ఒక వైద్యుడు ఆ గడ్డను కోశాడు. కోసేటప్పుడు మెడలోని పెద్ద రక్తనాళాలు తెగాయి. రక్తం కారి కారి ఆమె అతని చేతుల్లోనే కూలి ప్రాణం విడిచింది. ఇంకో వైద్యుడు ఒక ముసలాయనకు మూత్రాశయంలో రాయి తీయబోయి, రాయితో పాటు తిత్తిలో ముక్క కూడా ఊడబెరికాడట. ఆ ముసలాయన మూడో రోజుకు పోయాడు. పుస్తకం గుమ్మంలోనే ఈ చావులను నిలబెట్టి, వీటిని చూసి గానీ లోపలికి రావద్దు అన్నట్టుంది ఆయన ధోరణి. గొప్పలు చెప్పుకునే పుస్తకాలు ఇలా మొదలు కావు.

ఆయన ఆపరేషన్లను రెండు రకాలుగా విడదీశారు. చేస్తే రోగి క్షేమంగా బయటపడేవి ఒక రకం, చాలావరకు ప్రాణం మీదికి వచ్చేవి రెండో రకం. ఎక్కడ ప్రమాదం ఉందో అక్కడల్లా గుర్తు చేస్తానని మాటిచ్చి, చివరిదాకా ఆ మాట నిలబెట్టుకున్నారు.

టాన్సిల్స్ సంగతే చూడండి. మన పిల్లలకు చలికాలం వచ్చిందంటే గొంతు వాచి మింగలేక ఏడుస్తారు గదా. ఈ వాపు దేన్ని కోయవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్నది ఆయన ముందు తేల్చారు. గట్టిగా ఉండి, నల్లబారి, తాకితే పెద్దగా తెలియని వాపు జోలికి పోవద్దన్నారు. ఎర్రగా ఉండి మొదలు లావుగా ఉంటే రక్తం ఆగదు కాబట్టి అది పక్వానికి వచ్చేదాకా ఆగమన్నారు. తెల్లగా, గుండ్రంగా, సన్నని మొదలుతో ఉన్నదాన్ని మాత్రమే కోయమన్నారు. అది కూడా మంట, వాపు తగ్గిన తరువాతే. నేటి డాక్టర్లు కూడా సాధారణంగా జ్వరం, వాపు తగ్గనిచ్చి గానీ టాన్సిల్ ఆపరేషన్‌కు తేదీ ఇవ్వరు.

ఇక చేసే పద్ధతి. కరెంటు దీపం లేదు. స్పృహ తప్పించే ఈథర్ 1846 దాకా లోకానికి తెలియదు. రోగిని నిండు ఎండలో కూర్చోబెట్టాలి. తల ఒక సహాయకుని ఒళ్ళో ఉంచి నోరు తెరిపించాలి. వెండితో గానీ రాగితో గానీ కత్తిలా పలచగా చేసిన పనిముట్టుతో ఒకరు నాలుకను అదిమి పట్టాలి. దాని బొమ్మ కూడా ఆయన పుస్తకంలో ఉంది. మనం ఆస్పత్రికి వెళ్ళి నోరు తెరిచి ఆ అనగానే డాక్టరు నాలుక మీద పెట్టే బద్ద ఉందే, అదే ఇది. తరువాత కొక్కెంతో టాన్సిల్‌ను పట్టి, చుట్టూ ఉన్న పొరలు దానితో పాటు రాకుండా జాగ్రత్తగా ముందుకు లాగి, కత్తెర వంటి పరికరంతో కోయాలి. ఒకటి అయ్యాకే రెండోది. వెంటనే చల్లని నీళ్ళతోనో, నీళ్ళు కలిపిన వెనిగర్‌తోనో పుక్కిలించాలి. రక్తం ఆగకపోతే దానిమ్మ తొక్కలు ఉడకబెట్టిన కషాయం. దానిమ్మ తొక్క వగరుకు రక్తం గడ్డకడుతుందని మన అమ్మమ్మలకూ తెలిసిన సంగతే.

కొండనాలుక విషయంలో మన తెలుగులో ఒక సామెత ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! జహ్రావీ గారికి తెలుగు రాదు గానీ ఆ సామెతలోని భయం మాత్రం బాగా తెలుసు. కొండనాలుక సాగి వేలాడుతుంటే, సహజంగా ఉండాల్సినదాని కంటే ఎంత ఎక్కువ పెరిగిందో అంతే కోయాలన్నారు. ఒక పిసరు ఎక్కువ తెగినా గొంతు పాడైపోతుంది, మాట పోతుంది. కత్తికి భయపడే రోగులకు వేరే పద్ధతులు కూడా రాసిపెట్టారు.

గొంతులో చేప ముల్లు గుచ్చుకుంటే మనం అన్నం ముద్ద మింగమంటాం. ఆయన కూడా ముందు కంటికి కనబడుతుందేమో ఎండలో నాలుక అదిమి చూడమన్నారు. కనబడకపోతే గట్టి దారానికి చిన్న స్పాంజి ముక్క కట్టి మింగించి, మెల్లగా పైకి లాగమన్నారు. ముల్లు ఆ స్పాంజికి చిక్కుకుని వస్తుంది. చెవిలో గింజో రాయో పడితే ముందు గోరువెచ్చని నూనె పోయడం, రాకపోతే సన్నని పట్టకారు, అదీ కాకపోతే రాగి గొట్టం చెవిలో పెట్టి చుట్టూ మైనంతో మూసి గాలి పీల్చడం. సులువైనది ముందు, కష్టమైనది తరువాత, కోత అన్నిటికంటే ఆఖరున. ఈ వరుస పుస్తకమంతా కనిపిస్తుంది.

పళ్ళ విషయంలో ఆయన మంగలి వైద్యుల మీద బాగా కోప్పడ్డారు. నొప్పి ఒక పన్నులో ఉంటే రోగి ఇంకో పన్ను చూపిస్తాడు, వాళ్ళు మంచి పన్ను పీకేస్తారు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఏ పన్నో నిశ్చయంగా తెలిసేదాకా పీకవద్దన్నారు. గార గీకడానికి రకరకాల పనిముట్లు చూపారు. కదిలే పళ్ళను బంగారు తీగతో పక్క పళ్ళకు కట్టమన్నారు. వెండి తీగ నల్లబడుతుంది, బంగారం అలాగే ఉంటుందని కారణం కూడా చెప్పారు. ఊడిన పన్ను స్థానంలో ఎద్దు ఎముకతో పన్ను చెక్కి అమర్చవచ్చన్నారు.

ఆయన జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం ఒకటుంది. ఊపిరి ఆడక చనిపోయే స్థితిలో ఉన్నవాడికి గొంతు ముందు వైపు శ్వాసనాళానికి రంధ్రం చేసి గాలి ఆడేలా చేయడం పూర్వీకుల గ్రంథాల్లో ఉంది. ఇప్పుడు డాక్టర్లు ట్రకియాస్టమీ అంటారు. జహ్రావీ ఆ పద్ధతిని రాస్తూనే, తన దేశంలో ఎవరూ దాన్ని చేయగా తాను చూడలేదని నిజం ఒప్పుకున్నారు. అందరూ భయపడేవారు. గొంతు కోస్తే మనిషి బతుకుతాడా అని.

అలాంటప్పుడు ఒకరోజు ఆయన్ని ఒక దాసీ పిల్ల దగ్గరికి పిలుచుకుపోయారు. ఆ అమ్మాయి కత్తి తీసుకుని తన గొంతు తానే కోసుకుంది. ఏ దుఃఖం ఆమెను అంతదాకా తెచ్చిందో ఆయన రాయలేదు. ఆయన వెళ్ళేసరికి కోసిన జంతువులా గురగుర శబ్దం చేస్తోంది. గాయంలోంచి గాలి వస్తోంది. ఆయన కంగారు పడలేదు, గాయాన్ని పరీక్షించారు. రక్తం కొంచెమే పోయింది. పెద్ద రక్తనాళాలు ఏవీ తెగలేదు, శ్వాసనాళం మాత్రమే కొంత తెగింది. వెంటనే గాయాన్ని కుట్టారు, మానేదాకా వైద్యం చేశారు. ఆ పిల్లకు గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప వేరే హాని జరగలేదు. కొన్ని రోజులకు మామూలు మనిషి అయింది. దీన్ని బట్టి శ్వాసనాళాన్ని కోయడం ప్రమాదం కాదని ఆయన నిశ్చయించుకుని, ఆ సంగతి తరువాతివారికి రాసిపెట్టారు. తెలిసిన మెడ మీద కత్తికీ, తెలియని మెడ మీద కత్తికీ ఎంత తేడా ఉందో ఇక్కడ చూడండి. ఆ కంఠమాల స్త్రీ చావూ, ఈ పిల్ల బతుకూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

నాకు మాత్రం ఇంకో స్త్రీ కథ ఎక్కువ గుర్తుండిపోయింది. ఆమె గొంతులో ముదురు రంగు గడ్డ లేచి దారి దాదాపు మూసుకుపోయింది. సన్నని సందులోంచి ఊపిరి తీస్తోంది. తిండి లేదు, నీళ్ళు దిగవు. ఒకటి రెండు రోజులు గడిస్తే ప్రాణం పోయేదే. గడ్డ కొమ్మలు రెండు ముక్కు రంధ్రాల్లోంచి బయటికి వచ్చాయి. ఆయన ఒక ముక్కులోని కొమ్మకు కొక్కెం తగిలించి లాగి అందినంత కోశారు, రెండో వైపూ అలాగే చేశారు. తరువాత నోరు తెరిపించి, నాలుక అదిమి, అసలు గడ్డకే కొక్కెం వేసి కొంత కోశారు. రక్తం కొద్దిగానే వచ్చింది. ఆమె అక్కడికక్కడే నీళ్ళు తాగింది, ఆ తరువాత అన్నపానాలు తీసుకుంది. కానీ గడ్డ మళ్ళీ పెరిగేది, ఆయన మళ్ళీ కోసేవారు. ఇలా చాలా కాలం జరిగింది. చివరికి గొంతు లోపల వాత పెట్టగా పెరుగుదల ఆగింది. ఆ తరువాత ఆయన ఆ ఊరు విడిచి వెళ్ళారు. తన వెనుక అల్లాహ్ ఆమెను ఏం చేశాడో తనకు తెలియదని రాశారు. నయం చేశానని రాసుకుంటే అడిగేవాడు ఎవడూ లేడు. అయినా రాయలేదు.

తన చేతకానివి కూడా ఆయన దాచలేదు. పసిపిల్లల తలలో నీరు చేరి తల రోజు రోజుకీ పెరిగే జబ్బు ఉంది. అలాంటి ఒక పిల్లవాణ్ణి ఆయన చూశారు. తల బరువుకు కూర్చోలేకపోయేవాడు, అలాగే పెరిగి పెరిగి చనిపోయాడు. తాను చూసిన ఈ జబ్బు పిల్లలందరూ పోయారని, అందుకే వీరికి ఆపరేషన్ చేయకపోవడమే మంచిదని తన అభిప్రాయం చెప్పారు. ఈ జబ్బుకు నమ్మదగిన ఆపరేషన్ ఇరవయ్యో శతాబ్దంలో గానీ రాలేదు. క్యాన్సర్ గురించి కూడా అంతే. మొదట్లో, చిన్నదిగా ఉన్నప్పుడు, మొత్తం తీసేయగల చోట ఉంటే కోయమన్నారు. ముదిరి పెద్దదైపోతే దగ్గరికి పోవద్దన్నారు. అలా ముదిరినదాన్ని తాను ఒక్కటీ నయం చేయలేకపోయానని, తనకు ముందు చేసినవారినీ చూడలేదని రాశారు. నేడు ముదిరినదానికీ చాలా చికిత్సలు వచ్చాయి గానీ, తొందరగా చూపించుకున్నవారికే ఎక్కువ మేలు అన్న మాట మారలేదు. జర్దా, గుట్కా, అడ్డపొగ అలవాటున్న ఇళ్ళల్లో నోటిలో మానని పుండు రెండు మూడు వారాలు దాటితే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకూడదు.

మెడ ముందు పెరిగే గాయిటర్ గడ్డను ఆనాటి అరబీలో గొంతు ఏనుగు అనేవారు. పుట్టుకతో వచ్చినదానికి ఉపాయం లేదని, తరువాత వచ్చినవాటిలో కొవ్వు తిత్తిలా ఉన్నదాన్ని తీయవచ్చని, రక్తనాళం ఉబ్బి వచ్చినదాన్ని కోస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆయన విడమరిచి చెప్పారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. లోపల ఏముందో తేల్చుకోవడమే సగం వైద్యం. నేడు దానికి స్కానింగు, సూది పరీక్ష ఉన్నాయి. ఆయనకు వేళ్ళు, కళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఆయన రాసినదంతా నేటికీ చెల్లుతుందని చెప్తే అది అభిమానమే గానీ నిజం కాదు. తలనొప్పికీ మూర్ఛకూ కూడా వాత పెట్టమన్నారు. ఒంటి కణత నొప్పికి కణత చర్మం కింద వెల్లుల్లి పాయ దూర్చమన్నారు. ఇప్పుడు అలా చేస్తే పోలీసులు వస్తారు. కొందరు ఆయన్ని శస్త్ర చికిత్సకు ఆదిపురుషుడని కూడా రాస్తుంటారు. మన దేశంలో సుశ్రుతుడు ఆయన కంటే ఎన్నో శతాబ్దాల ముందువాడు. గ్రీకు వైద్యుడు ఏజీనా పాల్ రాసిన దాంట్లోంచి జహ్రావీ చాలా తీసుకున్నారు. పూర్వీకుల నుంచి నేర్చుకున్నానని ఆయనే చెప్పినప్పుడు, లేని కిరీటం మనం పెట్టనక్కరలేదు. నేర్చుకున్నదాన్ని తన చేత్తో పరీక్షించి, ఏది పని చేసిందో ఏది చేయలేదో చెప్పడం ఆయన సొంతం.

చివరి రోజులు అల్లకల్లోలంగా గడిచాయి. 1009లో అందులుస్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. 1010 ప్రాంతంలో మదీనతుజ్ జహ్రాను దోచుకున్నారు. పాలరాతి స్తంభాలు పెకిలించుకుపోయారు. పట్నం కట్టిన డెబ్బై అయిదేళ్ళకే పాడుబడింది. 1013లో కుర్తుబా నగరం కూడా తిరుగుబాటు సైన్యం చేత చిక్కింది. ఇంచుమించు ఆ ఏడే ఆయన కన్నుమూశారని ఎక్కువమంది చెప్తారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన పుట్టిన పట్నం మట్టి కింద తొమ్మిది వందల ఏళ్ళు ఉండి, 1911లో తవ్వకాలు మొదలైన తరువాత మళ్ళీ వెలుగు చూసింది. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

పుస్తకం మాత్రం పాడుబడలేదు. పన్నెండో శతాబ్దంలో టోలెడో నగరంలో క్రెమోనా ఊరివాడైన జెరార్డ్ శస్త్ర చికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. ఫ్రాన్సులో గై డి షోలియాక్ 1363లో రాసిన పెద్ద గ్రంథంలో అడుగడుగునా జహ్రావీ పేరు చెప్పాడు. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సబూంజూ ఓగ్లూ దాన్ని ఆధారం చేసుకుని, ఆపరేషన్ చేస్తున్న రంగు బొమ్మలతో సహా తుర్కీ భాషలో పుస్తకం రాశాడు. 1497లో వెనిస్‌లో లాటిన్ అచ్చు పడింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ, లాటిన్ పక్కపక్కన వేశారు. 1973లో లండన్ నుంచి అరబీ మూలంతో ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

మన వైపు కూడా ఈ విద్యకు ఒక తీగ ఉంది. 1888లో మొదలైన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ వారు, జహ్రావీ తరువాత అరబీలో శస్త్ర చికిత్స మీద వచ్చిన పెద్ద గ్రంథాన్ని 1937లో అచ్చు వేశారు. అది సిరియా వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ పదమూడో శతాబ్దంలో రాసిన అల్ ఉమ్దా. జకరియా రాజీ గారి అల్ హావీ సంపుటాలు కూడా 1955 నుంచి అక్కడే అచ్చయ్యాయి. మన పిల్లల్లో డాక్టరీ చదివేవారు, అరబీ కూడా కాస్త వచ్చినవారు ఉంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న ఆ సంస్థకు ఒకసారి వెళ్ళి ఆ సంపుటాలు తిరగేసి రావచ్చు.